నోటిదాకా తెచ్చిన బోర్సోక్

బురుల్చాకు చేతికన్నా నోరు ముందు, నోటికన్నా మనసు ముందు. బిష్కెక్‌లో నీటి ఫిల్టర్లను ఫోనులో అమ్మే ఆ ఆఫీసుకు రాకముందు, ఓష్ బజారులో ఏళ్ల తరబడి శాలువాలు అమ్మింది. అక్కడ ఒక చేత్తో బేరం, ఇంకో చేత్తో పక్క కొట్టువాళ్లకు రొట్టె ముక్క. కొట్టు వదిలినా ఆ అలవాటు వదల్లేదు.

పొద్దున్నే ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్లి, చెయ్యి పట్టుకుని, ఇంటిల్లిపాదినీ అడిగితేగాని కూర్చునేది కాదు. ఎదుటివాళ్ల చెవిలో ఫోనుందా లేదా అన్నది ఆమెకు పట్టదు. పెద్ద బేరం మాట్లాడేవాళ్లు కంప్యూటరు మీద ఎర్ర అట్ట నిలబెట్టుకోవాలనీ, అప్పుడెవరూ దగ్గరికి పోకూడదనీ మేనేజరు తిలెక్ నియమం పెట్టాడు.

"ఇదేమన్నా అంటురోగమొచ్చిన ఇల్లా, ఎర్రజెండా కట్టుకోడానికి? మనిషిని మనిషి పలకరిస్తే కొంపలంటుకుంటాయా?" అంది బురుల్చా.

"కొంపలకేం కాదు ఎజే, బేరాలే పోతాయి."

పెద్దావిణ్ణి ఎజే అని, అంటే అక్కా అని పిలిచాక ఇంకేం గద్దిస్తాడు? నవ్వి ఊరుకున్నాడు. అందరూ అలాగే ఊరుకునేవారు. ఎవరికి జ్వరమొచ్చినా వేడివేడి షోర్బా మోసుకెళ్లేది కూడా ఆమే కదా!

పక్క బల్ల పెరిజాత్‌ది. నారిన్ కొండల్లోంచి వచ్చిన పిల్ల, మాట మెత్తన. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ శుక్రవారం సాయంత్రంలోగా పెద్ద ఆర్డరొకటి తెస్తే ఉంటుంది, లేదంటే ఇంటికే. సరస్సు ఒడ్డున హోటలు నడిపే ఒక ముసలాయన వారాల తరబడి నానబెట్టి నానబెట్టి, ఆ రోజు మధ్యాహ్నం మాట్లాడదామన్నాడు. పెరిజాత్ ఎర్ర అట్ట నిలబెట్టి, కళ్లు మూసుకుని, ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని మాట్లాడుతోంది.

సరిగ్గా అప్పుడే బురుల్చా ప్రసూతి ఆసుపత్రి నుంచి పళ్లెం నిండా బోర్సోకులతో ఊడిపడింది.

"సుయున్చు! సుయున్చు! మనవడు పుట్టాడర్రా!"

శుభవార్త తెచ్చినవాళ్లు అలా కేక పెడితే విన్నవాళ్లు ఉత్త చేతులతో ఉండకూడదు. ఒకరు చాక్లెట్టు, ఒకరు మఫ్లరు, చేతికందింది ఇచ్చారు. బురుల్చా అందరి నోళ్లూ వేయించిన పిండిముక్కలతో నింపుకుంటూ పెరిజాత్ దగ్గరికొచ్చింది. ఆ పిల్ల వేలెత్తి, కళ్లతోనే బతిమాలింది.

"ఏమే, నా మనవడి బోర్సోక్ చేదా? నోరు తెరువు తల్లీ! నమలవే! ఫోనెక్కడికీ పారిపోదులే!"

పెద్దవాళ్లు నోటిదాకా తెచ్చినదాన్ని కాదనడం పెరిజాత్‌కు చేతకాదు. నోరు తెరిచింది.

సాయంత్రానికి తిలెక్ బురుల్చాను గదిలోకి పిలిచి, తలుపేసి, ఆ ఫోను రికార్డు వినిపించాడు.

"సరేనమ్మా, అన్ని గదులకీ పెట్టించేద్దాం. సీజనుకు ముందే అయిపోవాలి. మాటిస్తావా?" అంటున్నాడు ముసలాయన. ఆ మాట మీదే కేక పడింది. తర్వాత ఒక బజారు గొంతు, "నమలవే! ఫోనెక్కడికీ పారిపోదులే!" అంది. ఆపైన నమిలే చప్పుడు.

"పిల్లా, నేను మాటడుగుతుంటే నువ్వు తింటున్నావా?"

ఫోను పెట్టేసిన చప్పుడుతో రికార్డు ఆగిపోయింది.

"మళ్లీ చెయ్యలేదా?" అంది బురుల్చా.

"అది చేసింది, నేనూ చేశాను. ఎత్తట్లేదు ఎజే."

బురుల్చాకు తల కొట్టేసినట్టయింది. తన గొంతు తనకే రోత పుట్టింది. ఈ ఆఫీసులో మర్యాద తెలిసినది తనొక్కతేనని ఇన్నాళ్లూ మురిసిపోయింది. మురిసినంతసేపు పట్టలేదు, సిగ్గుతో చితికిపోడానికి.

"ఈ వారం నా బేరాలన్నీ దాని పేర రాసెయ్యి నాయనా."

"ఎలా రాయను? ప్రతి రికార్డులోనూ మీ గొంతేనాయె. పైవాళ్లు వింటారు."

"అయితే నన్నే తీసెయ్!"

"మిమ్మల్ని తీస్తే దాన్ని ఉంచుతారా? అడిగి చూశాను ఎజే. ఆర్డరు లేదుగా, పంపెయ్యమన్నారు."

గదిలోంచి వస్తుంటే పెరిజాత్ సొరుగు సర్దుకుంటూ కనిపించింది. "మనవడికి నూరేళ్లు ఎజే. హడావుడిలో చెప్పనేలేదు," అంది. తిట్టినా బాగుండేది. బురుల్చా గబగబా కూర్చుని హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎవరిదో నంబరు నొక్కింది. మొహం దాచుకోవడానికి ఆమెకు అంతకన్నా చోటు దొరకలేదు.

అవతల జలాలాబాద్ ఇల్లాలొకామె ధర అడుగుతుండగా, సంచి భుజాన వేసుకుని పెరిజాత్ లేచింది. ఫోనులో ఉన్నవాళ్లెవరినీ కదిలించకుండా రెండడుగులు వేసి, బురుల్చా పక్కన నిలబడింది. బురుల్చా హెడ్‌ఫోన్ తీయబోయింది. పెరిజాత్ వద్దన్నట్టు చెయ్యి ఊపి, మీరు మాట్లాడండి అని సైగ చేసింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

"అక్కా, ఉన్నారా లైన్లో?"

"ఉన్నానమ్మా," అంది బురుల్చా. తలెత్తి తలుపు వైపు చూసే మొహం మాత్రం ఆమెకు లేకపోయింది.