అడ్రస్ చెప్పని ఆఫీసు

మా అమ్మాయి లా స్కూల్లో మొదటి ఏడాది చదువుతుండగా, ఒక ఉదయం కాఫీ తాగుతూ, ఈ వేసవికి గల్ఫ్ వెళ్తున్నానని చెప్పింది. మానవ హక్కుల కోసం పనిచేసే చిన్న ఆఫీసట. ఇళ్లలో పనికి వెళ్లి, బాధలు పడలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు అక్కడ తలదాచుకునే చోటిచ్చి, వాళ్ల తరఫున కేసులు నడుపుతారట. తనను ఇంటర్న్‌గా తీసుకున్నారట. జీతం లేదట.

నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పాథాలజిస్టుని. పైకి శుభ్రంగా కనిపించేదాన్ని కూడా మైక్రోస్కోప్ కింద పెట్టి చూడనిదే బాగుందని సంతకం చేయను. ఇంట్లోనూ అదే బుద్ధి.

"అంతమందిలో నిన్నే ఎందుకు తీసుకున్నారు?" అన్నాను.

"బికాజ్ ఐ స్పీక్ తెలుగు, అమ్మా."

నాకు నవ్వాగలేదు. అమ్మమ్మతో ఫోన్‌లో "బాగున్నావా, నేను బాగున్నా" దగ్గరే ఆగిపోయే పిల్ల! దీని తెలుగు కోసం సముద్రం అవతల ఎవరో ఎదురుచూస్తున్నారంటే ఎలా నమ్మడం?

వాళ్ల వెబ్‌సైట్ చూశాను. ఫొటోల్లో ఒక్క ముఖం లేదు, అన్నీ వీపులే. ఫోన్ నంబరుంది, అడ్రస్ లేదు. ఇక్కడి మన ఇండియన్ల బజారు ఐసెలిన్‌లో చీరలమ్మేవాడు కూడా ఏ వీధో, పార్కింగ్ ఎటు వైపో రాసుకుంటాడు. అడ్రస్ చెప్పుకోలేని ఆఫీసు ఏం ఆఫీసని అడిగితే, "సెక్యూరిటీ" అంది. ఎవరి నుంచి ఎవరికి? ఆ వారం ఎవరి వంట వాళ్లు తెచ్చే పాట్‌లక్‌లో ఆంటీలందరూ నా అనుమానానికి తలా కాస్త పోపు పెట్టారు. అందులో ఒకావిడ, ఇలాంటి ఆఫీసులవాళ్లు పిల్లల మనసులు విరిచేసి ఇళ్లకు దూరం చేస్తారని కూడా అంది. నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

మా వారు నాలా నోరు పారేసుకోరు. ఆయనకో పద్ధతుంది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఆరా తీసినట్టు, దేన్నైనా ఆరా తీస్తారు. ఈ ఇల్లు కొనేముందు కూడా, అమ్మేవాడి గురించి పక్కింటివాళ్లతో మాట్లాడి వచ్చారు. కాగితం మీద ఏమైనా రాస్తారు, మనవాడొకడు వెళ్లి కళ్లతో చూడాలంటారు.

"ఎమర్జెన్సీ ఏదైనా వస్తే నిన్నెక్కడ వెతకాలి తల్లీ?" అని రోజూ బతిమాలి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి, చివరికి దాని చేత అడ్రస్ చెప్పించుకున్నారు. మర్నాడే ఆ దేశంలో ఉంటున్న తన పినతండ్రి కొడుక్కి ఫోన్ చేసి, అడ్రస్ చెప్పి, వెళ్లి చూసి రమ్మన్నారు. మాట తప్పానని ఆయనకు అనిపించనే లేదు. తమ్ముడు "ఎవరో" ఎలా అవుతాడు? మా ఇళ్లల్లో అలాంటి లెక్క లేదు. అతను అక్కడ ఏదో కంపెనీలో మేనేజరని మాకు తెలుసు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఖర్జూరాలు తెచ్చేవాడు.

తొందరలోనే అతని ఫోన్ వచ్చింది.

"వదినా, బెంగ పెట్టుకోకు. నేనే స్వయంగా వెళ్లొచ్చా. పక్క షాపులో కనుక్కున్నా, మా అన్న కూతురు ఇక్కడికొస్తోందని చెప్పి వాచ్‌మన్‌ని అడిగా. లోపలంతా మనోళ్లే, గోదావరి జిల్లాల ఆడవాళ్లు. కిటికీలోంచి చూశా కూడా."

మా వారు గెలిచినట్టు నా వైపు చూశారు. నాకు మాత్రం అతని గొంతులోని ఆ హుషారు నచ్చలేదు. ఆఫీసు ఎలాంటిదని అడిగితే, లోపల ఎవరున్నారో ఎందుకు చెప్తున్నాడు?

ఆ ఆదివారం ఆఫీసు నడిపే ఆవిడ అమ్మాయికి ఫోన్ చేసింది. మేమిద్దరం వంటగదిలోనే ఉన్నాం. కాసేపు విని, అమ్మాయి మొహం పాలిపోయింది. "అడ్రస్ ఎవరికిచ్చావ్, డాడీ?" అంది. "బాబాయికే కదా," అన్నారాయన. తమ దగ్గర తలదాచుకున్న ఒకామె మీ ఇంటివాళ్లతో మాట్లాడాలంటోందని అటు నుంచి చెబితే, అమ్మాయి స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టింది.

"నమస్కారమండి," అంది ఒక తెలుగు గొంతు. "మొన్నొచ్చి కిటికీలో తొంగి చూసినాయన మీకేమవుతారండి?"

"మా వారికి తమ్ముడి వరసమ్మా," అన్నాను.

"ఆయన చేసే పనేంటో తెలుసాండి?"

"మేనేజరు కదా."

"మమ్మల్ని ఇళ్లల్లో పనికంపే ఏజెన్సీకండి. ఎవరన్నా పారిపోతే ఎతికేది ఆయనేనండి. నా పాస్‌పోర్టు ఇప్పటికీ ఆయన బీరువాలోనే ఉందండి."

ఎదుట లేని మనిషి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. 

"మేం ఇయ్యాలే ఇక్కణ్ణించి ఎల్లిపోతున్నామండి. పాప మంచిదేనండి. ఫోన్లో మాతో ఎంత బాగా మాట్టాడేదో, ఒచ్చీరాని మాటలైనా. మీ మీద కోపం లేదండి. నమ్మకమే లేదు. పాపని పంపకండి."

అమ్మాయి వాళ్లతో అప్పటికే మాట్లాడుతోందని నాకు తెలియదు. నేను నవ్విన ఆ తెలుగుతోనే.

మా వారు వెంటనే తమ్ముడికి ఫోన్ కలిపి, ఆ పాస్‌పోర్టు ఇచ్చేయమన్నారు. "ఇక్కడ అందరూ అలాగే ఉంచుతారన్నయ్యా, వాళ్ల మంచికే," అని అతను నచ్చజెప్పబోయాడు. ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. ఆ ఆడవాళ్లు ఎక్కడికి చేరారో మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా.

అమ్మాయి వెళ్లకూడదనే నేను కోరుకున్నాను. వెళ్లలేదు. ఆ వేసవి ఇంట్లోనే ఉంది. అడిగినదానికి జవాబిచ్చేది, పెట్టింది తినేది. ఫోన్ మోగితే మాత్రం గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది. తలుపు బయట నిలబడి వినాలనిపించిన రోజులున్నాయి.

మరుసటి వేసవి ఇంకో ఆఫీసువాళ్లు దాన్ని ఇంటర్న్‌గా తీసుకున్నారు. కాలేజీ నుంచి అటే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి, దిగాక ఫోన్ చేసింది.

"ఏ దేశంలో దిగావే?" అన్నాను.

"సేఫ్‌గా ఉన్నా, అమ్మా," అంది.