జీపులో సీతమ్మ గొంతు

సీతమ్మ చెయ్యి పడిన ఆవకాయ ఏడాది తిరిగినా బూజు పట్టదు. నూజివీడులో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు గానీ, మే నెల వచ్చేసరికి వాళ్ల ఇళ్లనుంచి కూడా ఆవిడకే కబురు వెళ్తుంది. ఇంటివాళ్లు ముక్కలు కొట్టించి, తుడిచి, కారం, ఉప్పు, ఆవపిండి, పప్పునూనె సిద్ధం చేసుకుని కూర్చుంటారు. సీతమ్మ తలంటిన తడిజుట్టు ముడేసుకుని వస్తుంది. గాజులు మోచేతికి ఎగదోసుకుని బేసిన్లో చెయ్యి పెడుతుంది. కలపడం వరకే ఆవిడ పని. జాడీ మూతికి గుడ్డ కట్టి, గ్లాసుడు మంచినీళ్లు తాగి వెళ్లిపోతుంది. జాకెట్టు గుడ్డ పెడితే పుచ్చుకుంటుంది, పెట్టకపోయినా నవ్వుతూనే వస్తుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. కలిపే మనిషి రుచి చూడకూడదు. మూడోనాడు తిరగకలిపేదాకా ఇంట్లో ఎవరూ నాలిక మీద వేసుకోకూడదు. ఎంగిలి సోకితే ఏడాది సరుకూ పాడైపోతుందని భయం. ఈ పద్ధతే ఆవిడ కొంప ముంచిందని తర్వాత కొందరన్నారు. పద్ధతేం చేసింది పాపం. కొంప ముంచింది ఆ మిక్సీ కంపెనీ వాళ్లు.

అది ఎనభై ఆరో సంవత్సరం. పెద్ద బజారులో ఫ్యాన్లూ రేడియోలూ అమ్మే వీరభద్రరావు మాఘమాసంలో ఒక మధ్యాహ్నం సీతమ్మ ఇంటికొచ్చాడు. వెంట ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు. పేరు రత్నబాబు, బెజవాడలో వజ్రతేజ మిక్సీ కంపెనీ ఉద్యోగి. ఒక చేతిలో అట్టపెట్టె, ఇంకో చేతిలో టేప్ రికార్డరు.

"అమ్మగారూ, మీ పేరు బెజవాడ దాకా వినపడిందండీ. ఈ మిక్సీ మీకు కానుక. పది రోజులు వాడి చూడండి. ఎలా ఉందో మీ నోటితో రెండు ముక్కలు చెబితే చాలు" అన్నాడు.

సీతమ్మ పది రోజులూ వాడింది. కొబ్బరి పచ్చడి చేసింది, ఇడ్లీలోకి కారప్పొడి కొట్టింది. బాగానే ఉందనుకుంది. ఆవాలు కూడా గుప్పెడు వేసి చూసింది. మూత తీస్తే పొడి వేడిగా పొగలు కక్కుతోంది. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంటే చేదు విషం. ఆ పొడి పారబోసి, గిన్నె కడిగి బోర్లించింది.

పదకొండో రోజు రత్నబాబు వీరభద్రరావుని వెంటబెట్టుకొచ్చి టేప్ రికార్డరు నొక్కాడు. సీతమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడకి ఇంకో రకంగా చెప్పడం చేతకాదు.

"నా పేరు సీతమ్మ. నూజివీడులో ఎవరింట ఆవకాయ కలపాలన్నా నన్నే పిలుస్తారు. ఈ వజ్రతేజ మిక్సీ కొబ్బరి పచ్చడికి బాగుంది. ఆవకాయకి మాత్రం ఆవాలు ఇందులో వెయ్యొద్దు, వేడికి చేదెక్కిపోతాయి. రోట్లో కొట్టిన పొడే వాడాలి. ఏడాది పాడవకుండా ఉండాలంటే అదే దారి. నేనైతే ఎప్పుడూ అదే వాడతాను."

"అద్భుతంగా చెప్పారండీ" అంటూ రత్నబాబు ఒక ఇంగ్లీషు కాగితం తీశాడు. "గ్యారంటీ కార్డండీ. మిక్సీకి ఏమైనా అయితే బాగుచేసిపెట్టడానికి. ఇక్కడ ఒక సంతకం."

సీతమ్మ భర్త శ్రీరాములు మామిడి కమిషను కొట్లో గంపల్లో గడ్డి పరిచి కాయలు సర్దే మనిషి. ఆయనకీ ఇంగ్లీషు రాదు. గ్యారంటీ అంటే మంచిదేగా అన్నాడు. సీతమ్మ గుండ్రంగా సంతకం పెట్టింది.

ఏప్రిల్ చివర ఆవిడ జి. కొండూరులో చెల్లెలి ఇంటికి వెళ్లి, ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఆవకాయలు కలుపుతూ పన్నెండు రోజులుండిపోయింది. కంపెనీ జీపు మైకు కట్టుకుని నూజివీడు వీధులన్నీ తిరిగింది సరిగ్గా అప్పుడే. ఊరంతా విన్నది, ఆవిడ తప్ప. తిరిగొచ్చాక ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆవిడ చెప్పిన మాట ఆవిడకే చెప్పడమేమిటని వాళ్ల ఉద్దేశం కాబోలు.

ఆ వేసవిలో నూజివీడులో పదకొండు ఇళ్లలో కలిపింది. ఆవపిండి ఎప్పటిలాగే డబ్బాల్లో సిద్ధంగా ఉంది. ఎక్కడ కొట్టారని ఏనాడూ అడిగింది లేదు, రోలు తప్ప ఇంకోటి ఉంటేగా అడగడానికి. రెండు మూడు ఇళ్లలో పిండి రంగు కాస్త ముదురుగా తోచింది. ఆవాలు పాతవేమో అనుకుని ఊరుకుంది. ఒక్క వీరభద్రరావు ఇంట్లో మాత్రం నూతి చప్టా మీద రోకలి ఆరబెట్టి ఉంది, దాని కొనకున్న ఇనప పొన్నుకి ఇంకా పచ్చటి పొడి అంటుకునుంది. వీరభద్రరావు భార్య విజయలక్ష్మి ఆవిణ్ణి చూడగానే ఆ రోకలిని గబగబా తలుపు వెనక్కి పెట్టేసింది. మడి సామానేమో అనుకుంది సీతమ్మ. పిచ్చితల్లి.

కొత్తావకాయ కాస్త చేదుగా ఉండటం మామూలే, పది రోజులకి విరిగిపోతుంది. ఆ ఏడు ఆషాఢం వచ్చినా విరగలేదు. వెనక వీధి కమల పిల్లలు కంచంలో ముద్ద వదిలేసి లేచిపోయారు. కమల సీతమ్మని పిలిపించి జాడీ ముందు పెట్టింది. సీతమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది, వెంటనే బయటికెళ్లి ఉమ్మేసింది. ముప్ఫై కాయల ఆవకాయ. ఏడాదంతా ఇంటిల్లిపాదీ తినాల్సిన సరుకు.

"ఆవాలు ఎక్కడ కొట్టించావమ్మా?"

"ఎక్కడేంటి పిన్నిగారూ, మిక్సీలో. మీరే చెప్పారు కదా."

"నేనా? నేనెప్పుడు చెప్పానే?"

"జీపులో చెప్పలేదా? నా చెవులతో నేను విన్నాను. మీ మాట మీదే మిక్సీ కొనిపించుకున్నాను. ఇప్పుడు మాట మారుస్తారేంటి?"

సీతమ్మకి ఏం అర్థం కాలేదు. తను జీపెక్కిందే లేదు. ఇంకో ఇంటికెళ్తే అక్కడా అదే మాట, మూడో ఇంట్లో అయితే గుమ్మంలోంచే పంపించేశారు. ఇరవై ఏళ్లుగా పీట వేసి కూర్చోబెట్టిన గుమ్మం అది. ఇంటికొచ్చి భర్తతో, "ఏమండీ, నాకేమైనా మతి పోయిందంటారా? నిద్రలో ఏమైనా వాగానా?" అని అడిగింది. మనిషి తనని తనే అనుమానించుకునే గతి పట్టించారు ఆ పాపిష్టివాళ్లు.

శ్రావణమాసం బేరాల కోసం జీపు మళ్లీ వచ్చింది. సీతమ్మ వీధి గుమ్మంలో పప్పులో రాళ్లు ఏరుతోంది. ముందు పాట వినపడింది. పాట ఆగింది. తర్వాత వినపడింది తన గొంతే.

"నా పేరు సీతమ్మ. నూజివీడులో ఎవరింట ఆవకాయ కలపాలన్నా నన్నే పిలుస్తారు. ఈ వజ్రతేజ మిక్సీ బాగుంది. ఏడాది పాడవకుండా ఉండాలంటే అదే దారి. నేనైతే ఎప్పుడూ అదే వాడతాను."

చేట చేతిలోంచి జారి పప్పు వీధి పాలైంది. గొంతు తనదే, మాటలూ తనవే, ప్రతి అక్షరమూ తను పలికిందే. మరి కొబ్బరి ఏది? రోలు ఏది? వెయ్యొద్దు అన్న మాట ఏది? కోడి మెడ కోసినట్టు తన మాట మధ్యకి కోసి, అతుకు కనపడకుండా అతికించారు. ఇలా కూడా చెయ్యొచ్చని ఆవిడకి ఆ క్షణం దాకా తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు. నోట్లోంచి వచ్చిన మాట తనది కాకుండా పోతుందని ఎవరు కలగంటారు?

లోపలికెళ్లి, గుడ్డ కప్పి దాచుకున్న మిక్సీని చంకనెత్తుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా పెద్ద బజారుకి నడిచింది. శ్రీరాములు కండువా భుజాన వేసుకుని వెనకాలే వచ్చాడు. దారిలో కమల చూసి, లోపల్నించి ఒక ఉత్తరం తీసుకుని తనూ బయల్దేరింది.

జీపు వీరభద్రరావు కొట్టు ముందే ఆగి ఉంది. చుట్టూ పాతిక మంది ఆడవాళ్లు. సీతమ్మ మిక్సీని బల్ల మీద దించింది.

"బాబూ, నేను చెప్పిందేంటి, మీరు వినిపిస్తున్నదేంటి?"

రత్నబాబు కంగారుపడలేదు. అసలు ఆశ్చర్యమంతా అక్కడే ఉంది. పెళ్లివారిని పలకరించినట్టు నవ్వాడు.

"అందులో మీరు అనని మాట ఒక్కటైనా ఉందా అమ్మగారూ? కాస్త పొడుగైందని కుదించాం, అంతేనండీ."

"అయితే నేను అన్నదంతా వినిపించు. అందరూ ఉన్నారుగా."

"అది లేదండీ. అక్కర్లేని ముక్కలు ఎప్పుడో చెరిపేశాం." జేబులోంచి కాగితం తీసి విప్పాడు. "మీ గొంతు కంపెనీ ఎలా కావాలంటే అలా వాడుకోవచ్చని మీరే రాసిచ్చారు. ఇదిగోండి, సంతకం."

గుండ్రటి సంతకం. గ్యారంటీ కార్డు. సీతమ్మ కొట్టు గుంజ పట్టుకుని నిలబడింది. శ్రీరాములు కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పాడు. చదవలేని కాగితం ఎన్నిసార్లు తిప్పితే ఏం లాభం.

కమల ముందుకొచ్చింది. "ఆవకాయ చేదెక్కిందని నేను కంపెనీకి రాశానండీ. వాళ్ల జవాబు ఇదీ" అని చదివింది: "మా యంత్రములో ఏ లోపమూ లేదు. ఊరగాయ నిలవ ఉండుట కలిపినవారి చేతిని బట్టి ఉండునని మీ ప్రాంతమువారే చెప్పుదురు. కావున కలిపినవారినే అడుగగలరు."

పాతిక జతల కళ్లు సీతమ్మ చేతుల మీదికి తిరిగాయి. ఆవిడ పేరు చెప్పి మిక్సీలు అమ్ముకున్నారు. ఇప్పుడు ఆవిడ చెయ్యి చూపించి తప్పించుకుంటున్నారు. ఇంత బరితెగింపు ఆ బజారు ఏనాడూ చూడలేదు. సీతమ్మ కూడా తన అరచేతులు తిప్పి చూసుకుంది. నిజంగానే చెయ్యి చెడిందా అని ఒక్క నిమిషం అనుమానం కూడా వచ్చింది. ఆ నిమిషాన్ని మాత్రం ఆవిడ చచ్చేదాకా మర్చిపోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, నూతి చప్టా మీది రోకలి.

కొట్టు వెనకే వీరభద్రరావు ఇల్లు. గొడవకి విజయలక్ష్మి మధ్య గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. సీతమ్మ ఆవిడకేసి తిరిగింది.

"అమ్మా విజయలక్ష్మీ, ఈ ఏడు మీ ఇంటి ఆవకాయ కూడా నేనే కలిపాను. ఇదే చెయ్యి. ఎలా ఉంది?"

విజయలక్ష్మి మొగుడి వైపు చూసింది. వీరభద్రరావు ఫ్యాను రెక్క మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"బాగుందండీ" అంది మెల్లగా.

"ఆవాలు ఎక్కడ కొట్టించావు?"

జీపు మీద మైకు ఇంకా ఆగలేదు. నేనైతే ఎప్పుడూ అదే వాడతాను, అని సీతమ్మ గొంతు బజారంతా మోగుతోంది.

"రోట్లోనండీ" అంది విజయలక్ష్మి. తల వంచుకుని మళ్లీ అంది. "మిక్సీలో వేస్తే చేదెక్కుతుందని మీరు టేపులో చెప్పారని ఆ రోజే ఈయన ఇంటికొచ్చి చెప్పారు. మన ఇంట్లో మాత్రం రోట్లోనే కొట్టించమన్నారు."

కమల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్లకి తెలుసు. తెలిసి, తమ జాడీ భద్రంగా దాచుకుని, ఊరందరి జాడీలూ చేదు చేశారు. ఎవరో ఒకావిడ వీరభద్రరావు మొహం మీదే, "మీరు అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా?" అని అడిగింది. ఆయన రెక్క తుడవడం ఆపలేదు.

"పిన్నిగారూ, మిమ్మల్ని ఎన్నేసి మాటలన్నాను" అని కమల చెయ్యి పట్టుకుంది. వచ్చే ఏడు ముందు మా ఇంటికే రావాలని ఇంకో ఇద్దరు అన్నారు. పోయిందనుకున్న పరువు అక్కడికక్కడే తిరిగొచ్చింది. కానీ సీతమ్మ వాళ్లవైపు చూడటం లేదు. రత్నబాబు చప్పుడు చెయ్యకుండా జీపెక్కి కూర్చున్నాడు. డ్రైవరు బండి తిప్పాడు. బజారు మలుపు దాటాక మైకు సౌండు ఇంకాస్త పెంచారు.

"ఎక్కడికెళ్తోంది అది?"

"చాట్రాయి వైపు" అన్నాడు శ్రీరాములు.

చాట్రాయిలో విజయలక్ష్మి లేదు, తలుపు వెనక రోకలి లేదు. సీతమ్మ పేరు మాత్రం ఉంది. ఆ మాట నమ్మి మిక్సీలో ఆవాలు పోసే ఆడవాళ్లున్నారు. సీతమ్మ కొంగు నడుముకి బిగించి బస్టాండుకేసి నడిచింది.

"ఎన్ని ఊళ్లు తిరుగుతావే?" అన్నాడు శ్రీరాములు వెనకనుంచి.

"వాళ్లు నన్ను ఎన్ని ఊళ్లు తిప్పితే అన్ని. పొద్దున్నే వండిన అన్నం ఉంది, పెట్టుకు తినండి."

చాట్రాయి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చుంది. దూరంగా ఇంకా తన గొంతు వినపడుతూనే ఉంది, తనకంటే ముందు వెళ్తూ.

కండక్టరు వచ్చాడు. "ఎక్కడికమ్మా?"

"ఆ జీపు ఎక్కడ ఆగితే అక్కడికి" అంది సీతమ్మ.