అడగకుండా నడిచిన దారి

డోరీన్ ఆగ్డెన్‌ది మా ఊరు కాదు. ఇంగ్లండ్ ఉత్తరాన ఓల్డమ్ అనే పట్నంలో ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డించే పని చేసేది. ఏడాదంతా ఎక్కడికీ కదిలేది కాదు. అక్టోబరు చివర బడికి వారం సెలవులిచ్చినప్పుడు మాత్రం మూడు రాత్రుల కోసం మా యార్‌హోప్‌కు వచ్చి, గ్లెనిస్ నడిపే పబ్‌లో వెనక గది తీసుకునేది. భర్త ఫ్రాంక్ ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ వచ్చారు. ఆయన పోయాక, తను రిటైరయ్యాక కూడా ఒక్కతే వస్తూ ఉంది. వెనక గది కిటికీలోంచి బీరు పీపాలు తప్ప ఏమీ కనబడవు. కొండలు కనబడే ముందు గదికి అద్దె రెట్టింపు. "కొండలు చూడాలంటే తలుపు తీసుకుని బయటికెళ్తే సరిపోదా" అనేది డోరీన్.

బయటికి వెళ్తే ఆమె నడిచే దారి ఒకటే. చర్చి వెనక గోడ దగ్గర మొదలై, బెబ్ అనే ముసలి రైతు ఆపిల్ తోట మధ్యగా ఏటి ఒడ్డుకు దిగుతుంది. ఆ రోజుల్లో తోటంతా రాలిన పళ్ళు పులిసిన వాసన. వాటిమీద ఎగరడానికి ఓపిక లేని కందిరీగలు. డోరీన్ ఒడ్డున కూర్చుని, కాగితంలో చుట్టి తెచ్చుకున్న పంది మాంసం కూరిన రొట్టె తిని, ఫ్లాస్కులోని టీ తాగి, పొద్దు వాలకముందే వచ్చేసేది. అంతే ఆమె విహారయాత్ర. ఏడాదిపాటు అది చాలేది.

బెబ్ పోయాడు. తోటనూ ఇంటినీ లండన్‌లో ఉద్యోగం చేసే ఆల్డ్‌రిడ్జ్ కొన్నాడు. చెడ్డవాడని చెప్పలేను. ఎదురైతే టోపీ తీసి పలకరిస్తాడు, చర్చి కప్పు మరమ్మతుకు చందా కూడా ఇచ్చాడు. ఆ తర్వాత దారికి అడ్డంగా గేటు పెట్టించి, తాళం వేసి, పక్కన చక్కటి అక్షరాలతో బోర్డు పెట్టాడు. నడవాలనుకునేవారికి స్వాగతం, దయచేసి ఇంట్లో అడగండి, సంతోషంగా తాళం తీస్తాం అని.

మా దేశపు చట్టంలో ఒక మెలిక ఉంది. ఎవరినీ అడక్కుండా, ఎవరికీ దాక్కోకుండా, ఎవరూ ఆపకుండా జనం ఇరవై ఏళ్ళు నడిస్తే అది జనం దారి అవుతుంది. అడిగి నడిచారా, వందేళ్ళు నడిచినా అది భూస్వామి దయే. దయ ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. తాళం మీద ఊరంతా తిరగబడుతుంది. "అడగండి, ఇస్తాను" అన్నవాడి మీద ఎవరు తిరగబడతారు? చిన్నప్పటినుంచీ అడిగి తీసుకోవడమే మర్యాదని నేర్చుకున్న జాతి మాది. ఇక్కడ పొలాలూ అడవులూ సగం ఆ మర్యాదలోనే చేయి జారిపోయాయి.

దారి మాదేనని కౌన్సిల్‌కు అర్జీ పెట్టుకున్నాం. విచారణకు అధికారిణి అక్టోబరు చివరి గురువారం మధ్యాహ్నం ఊరి హాలుకు వస్తుందన్నారు. ఇరవై ఏళ్ళు నడిచిన సాక్షులు కావాలి. అక్కడ వచ్చింది చిక్కు. ఊళ్ళో సగం ఇళ్ళు ఇప్పుడు శనాదివారాల్లో వచ్చిపోయేవాళ్ళవి. పొలం పనివాళ్ళ పిల్లలు అద్దెలు కట్టలేక పట్నాలకు పోయారు. ముసలివాళ్ళు చర్చి పెరటి సమాధుల్లో ఉన్నారు. ఏడాది తప్పకుండా ఆ దారిన నడిచినవాళ్ళలో గట్టిగా చెప్పగలిగింది పరాయి ఊరి డోరీనే.

బుధవారం సాయంత్రం పబ్‌లో గ్లెనిస్ ఆమెకు అన్నీ వివరించింది. రేపు ఆ గేటు దగ్గర ఆల్డ్‌రిడ్జ్ తాళం తీసి పట్టుకున్నా లోపలికి పోవద్దంది, పోతే దారి అతని దయేనని ఒప్పుకున్నట్టే అంది. ఎవరైనా మర్యాదగా తలుపు పట్టుకుంటే వద్దనడం తనకు చేతకాదని డోరీన్ గొణిగింది. గ్లెనిస్ నవ్వి, అసలు ప్రశ్న అడిగింది. "బెబ్‌ను నువ్వెప్పుడూ అడగలేదు కదా, డోరీన్?"

డోరీన్ గ్లాసు బల్ల మీద పెట్టింది. "అడిగానే. మొదటి ఏడాది. తోటలో కనబడితే, ఇటు వెళ్ళొచ్చా అన్నాను."

గోడ మీది పలకకు బాణాలు విసిరే ఆట ఆడుతున్న క్లైవ్ హాచ్‌కిస్ చెయ్యి గాల్లోనే ఆగింది. దారి కోసం అందరికంటే ఎక్కువ తిరిగినవాడు అతనే. "ఓల్డమ్ నుంచి ఆ నాలుక తప్ప ఇంకేమీ తెచ్చుకోలేకపోయావా తల్లీ" అన్నాడు. కాసేపటికి దగ్గరికొచ్చి కూర్చుని, ఆ ఒక్కమాటా రేపు చెప్పకుండా వదిలేయమన్నాడు. అడిగితే గుర్తులేదంటే సరిపోతుందన్నాడు. మేమంతా తలలూపాం. నేనూ ఊపాను.

"ముప్పై ఏళ్ళు పిల్లలకు వడ్డించాను, క్లైవ్" అంది డోరీన్. "రెండోసారి పుడ్డింగు తిని తినలేదనే వెధవలను మొహం చూసి పట్టేసేదాన్ని. నా మొహం చూసి ఆ అధికారిణి పట్టేయదంటావా?"

గురువారం హాలులో కుర్చీలన్నీ నిండాయి. ఆల్డ్‌రిడ్జ్ తన లాయరుతో ముందు వరసలో కూర్చున్నాడు. మిగతా సాక్ష్యాలు అరకొరగా సాగాయి. ఒకాయన దారి చివర ఏరు ఉందా చెరువా అన్నదగ్గర తడబడ్డాడు. డోరీన్ వంతు వచ్చింది. ప్రతి ఏడూ నడిచానంది, ఎవరూ ఆపలేదంది. ఎప్పుడైనా అనుమతి అడిగారా అని అధికారిణి అడిగింది.

"అడిగానండి. ఒక్కసారి."

లాయరు మొహం వెలిగింది. క్లైవ్ కళ్ళు మూసుకున్నాడు. అధికారిణి రాసుకుంటూ, తల ఎత్తకుండానే, దానికి బెబ్ ఏమన్నాడని అడిగింది. ఆ ప్రశ్న ముందురోజు సాయంత్రం మాలో ఒక్కరికీ తోచలేదు. భయంతో మాకు ఆమె అడిగిందన్న మాట తప్ప ఇంకేమీ వినపడలేదు.

"తిట్టాడండి" అంది డోరీన్. "నన్నెందుకు అడుగుతావు, ఇది నేనిచ్చేది కాదు, మా తాత పుట్టకముందు నుంచీ జనం నడుస్తున్నారు, నీ దారిన నువ్వు పో, మళ్ళీ అడిగావంటే కుక్కను వదుల్తాను అన్నాడు. అందుకే మళ్ళీ అడగలేదు."

హాలంతా నవ్వింది. అధికారిణి నవ్వలేదు. ఆ మాటలు మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చెప్పమంది. భూమి సొంతదారే దారి తనది కాదని ఒప్పుకున్న మాట అది. దాని విలువ లాయరుకు మాకంటే ముందే అర్థమైంది. అతని కలం ఆగిపోయింది.

తీర్పు మరుసటి వేసవికి వచ్చింది, మా వైపే వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం మాకది తెలియదు. హాలు బయట సన్నటి ఎండ కాస్తోంది. డోరీన్ రొట్టె పొట్లం పట్టుకుని, అలవాటుగా చర్చి వైపు నడిచి గేటు ముందు ఆగింది. మోకాళ్ళు పాడయ్యాయి, మరో అక్టోబరు వస్తానో రానో అని వచ్చిన రోజే చెప్పింది. రోడ్డు మీదుగా ఏటికి పోవాలంటే రెండు మైళ్ళ చుట్టు. పక్కన కాలిబాట కూడా లేదు, కార్లు రాసుకుంటూ పోతాయి.

ఆల్డ్‌రిడ్జ్ వెనకే వచ్చాడు. కోపంగా లేడు. తాళంచెవి తీశాడు.

"మిసెస్ ఆగ్డెన్, కేసు సంగతి వేరు. ఇంత దూరం వచ్చారు. నా అతిథిగా వెళ్ళిరండి. నాకు సంతోషం."

తాళం తీసి గేటు బార్లా పట్టుకున్నాడు. లోపల చెట్ల కింద ఎర్రగా ఆపిళ్ళు, వాటికవతల ఏటి తళుకు. ఆమె చాలాసేపు అటే చూసింది. మేం గోడ దగ్గర నిలబడ్డాం. ఆమెను వద్దనే హక్కు మాకు లేదనిపించింది.

"వద్దండి" అంది డోరీన్. "మీరిస్తే నేను వెళ్ళను."

అతను గేటు పట్టుకునే ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి రోడ్డు పట్టింది. క్లైవ్ పరుగున వెళ్ళి, కార్లు వచ్చే వైపు తను నడుస్తూ చెయ్యి అందించాడు. చెయ్యి పట్టుకుంది గానీ రొట్టె పొట్లం మాత్రం ఇవ్వలేదు.