మూడు ముద్దల మేనమామ

ఒక్క మనిషి ఏడు ముద్దలు తింటే ఒక శుభకార్యం మొత్తం నాశనమవుతుందా? అవుతుంది. కోదాడలో నేను చేసి చూపించాను. ఆ రోజు అక్కడున్నవాళ్లు సూర్యాపేట బస్టాండులో కనబడితే ఇప్పటికీ నా మొహం మీదే నవ్వుతారు. మీరూ నవ్వుకోండి, నేను అడ్డు చెప్పను. నాకు మాత్రం ఇన్నేళ్లయినా కోపమే వస్తుంది. డాక్టరు మీద కోపం, డైటీషియన్ మీద కోపం, అందరికన్నా ఎక్కువగా అప్పటి నా మీద కోపం.

అప్పట్లో నా బరువు నూట ముప్పై కిలోలు. నేనెక్కితే షేర్ ఆటోవాడు ఇద్దర్ని దింపేవాడు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. చివరికి హైదరాబాదు వెళ్లి కడుపు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. గుమ్మడికాయంత కడుపును కోసి అరటికాయంత మిగిల్చారు. "ఇక మీకు ఆకలి పెద్దగా ఉండదు" అన్నాడు డాక్టరు. మూడు నెలలు నిజంగానే లేదు. నాలుగో నెలలో వచ్చింది చూడండి, పోయిన నెలల బాకీ కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఇల్లలకగానే పండుగ కాదు, కడుపు కోయగానే ఆకలి పోదు. ఈ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది!

డైటీషియన్‌కు ఫోన్ చేశాను.

"మేడం, ఆకలైతున్నది."

"ఎప్పుడు తిన్నారు సార్?"

"ఇప్పుడే గుడ్డు తిన్న."

"అది కడుపు ఆకలి కాదు సార్, మనసు ఆకలి."

"మరి మనసుకు ఏం పెట్టాలె మేడం?"

"కొంచెం నీళ్లు తాగి పదిహేను నిమిషాలు ఆగండి. తర్వాత అలా నడిచి రండి."

నడిచాను. చెరువుకట్ట మీద నడిస్తే మిర్చి బజ్జీల బండి, బజారులో నడిస్తే బిర్యానీ గంజు. మనసు ఆకలట! మనసుకు పళ్లుంటాయా, నాలుక ఉంటుందా? నోట్లో నీళ్లూరుతున్నది నాకు. ఆకలి రుచి ఎరుగదంటారు, నా ఆకలి ఆపరేషన్‌ను కూడా ఎరగలేదు.

దానికి తోడు పద్ధతులు. చిన్న గిన్నెలో పెట్టుకోవాలి. ముందు గుడ్డో పప్పో చేపముక్కో తినాలి, అన్నం ఆ తర్వాతే. ముద్దను ముప్పై సార్లు నమలాలి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. మూడు ముద్దలకు కడుపు నిండిపోయేది. కళ్లు మాత్రం గిన్నె పక్కనున్న గంజు వైపే చూసేవి.

ఇదంతా నా భార్య సరితకు తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసులో హెర్నియా అన్నాను, చుట్టాలకు ట్రైనింగ్ అన్నాను. ముప్పై కిలోలు తగ్గాక అందరూ నోరు తెరిచి "ఎట్ల తగ్గినవ్?" అని అడిగితే, "రోజుకు ఎనిమిది కిలోమీటర్లు నడుస్తున్న, జొన్నరొట్టె తింటున్న" అని చెప్పాను. "జర నిజం చెప్పుండ్రి, ఎన్నడన్న పరేషాన్ అయితరు" అని సరిత మొత్తుకుంటూనే ఉంది. నేను వింటేనా!

అప్పుడే మా చెల్లెలు సైదమ్మ తన కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నానని ఫోన్ చేసింది. మేనమామను నేను. నన్ను అడక్కుండా తారీఖు పెట్టుకున్నారు. ఆకలి మీదున్న మనిషికి కోపం ఎంత దగ్గర్లో ఉంటుందో మీకు తెలియనిది కాదు. "మీరే పెట్టుకున్నరు గదా, మీరే చేసుకోండ్రి" అని ఫోన్ పెట్టేశాను. తర్వాత సరిత బుద్ధి చెప్తే, బట్టలు తీసుకుని కోదాడ వెళ్లాం.

గొర్లు కాసిన ఇళ్లు మావి. మాకు కొన్ని కట్టుబాట్లున్నాయి. మేనమామ పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి. బంతి భోజనాల్లో మొదటి విస్తరి మేనమామది. అతను ముద్ద ముట్టేదాకా ఎవరూ ముట్టకూడదు, అతను లేచేదాకా ఎవరూ లేవకూడదు, అతను లేచాక ఆ బంతిలో ఎవరూ కూర్చుని ఉండకూడదు. ఇక ఆడబిడ్డ ఇంటికి వెళ్లి అన్నం సరిగా తినకపోతే, తెగదెంపులు చేసుకోవడానికి వచ్చినట్టే లెక్క.

ఒళ్లో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే కత్తెర వేశాను. ఆ వెంటనే సైదమ్మ పెనిమిటి వెంకన్నకు నడక మీద అరగంట ఉపన్యాసమిచ్చాను. బావ పాపం, లావు మనిషి, రెండు చేతులు కట్టుకుని విన్నాడు. తర్వాత టెంటు కింద అరవై మందితో బంతి కూర్చుంది. బగారన్నం, బావ స్వయంగా వండిన మటన్ కూర, నా విస్తరిలో తలకాయ మాంసం. ఆ వాసనకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నిగ్రహించుకుని చిన్న ముక్క నోట్లో పెట్టుకుని లెక్కబెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు...

నేను రెండో ముద్ద నములుతుండగానే బంతి మొత్తం మొదటి వడ్డన ముగించింది. మూడో ముద్దకు రెండో బంతివాళ్లు వచ్చి వెనక నిలబడ్డారు. నడిగూడెం నుంచి వచ్చిన మా పెద్దయ్య ఆగలేకపోయాడు.

"ఏందిరా, గొర్రె లెక్క నెమరేస్తున్నవ్? ఎనక జనం నిలవడ్డరు."

సైదమ్మ గరిటె పట్టుకుని నా ముందుకొచ్చింది.

"అన్నా, కూర మంచిగ లేదా?"

"మస్తుగున్నది."

"మరి తినవేంది?"

"తింటున్న గదనే."

"గెలుక్కుంట కూసొని తింటున్న అంటవ్. తారీఖు అడగలేదని కోపం ఇంక పోలే నీకు."

"గదేం లేదు సైదమ్మా."

"ఉన్నది. మునుపు మా ఇంటి కూరైతే గంజు అడుగు దాక ఊడ్చి తినెటోనివి. ఇయ్యాల అందరి ముంగట నా ఇంటి అన్నం వద్దంటున్నవ్. ఇగ నాకు అన్న లేడనుకుంట."

ఆ మాటకు బంతి అంతా నా వైపు తిరిగింది. ఆడవాళ్ల వైపు నుంచి సరిత కళ్లతోనే "చెప్పు, చెప్పు" అంటోంది. ఒక్క మాట చెప్తే అయిపోయేది. కానీ అరగంట కింద ఉపన్యాసమిచ్చిన నోరు కదా, రాలేదు. చెల్లెలి మీద కోపం, కడుపు మీద కోపం, పైగా ఆకలి. అన్నీ కలిసి నెత్తికెక్కాయి.

"పెట్టు! ఎంత పెడతవో పెట్టు!" అని అరిచాను.

ఆమె పెట్టింది. నేను తిన్నాను. నమలడం లేదు, లెక్క లేదు. నాలుగో ముద్ద స్వర్గం. ఐదో ముద్ద అంతకన్నా స్వర్గం. సైదమ్మ మొహం విచ్చుకుంది. ఆరో ముద్దకు రొమ్ము కింద బండరాయి పెట్టినట్టయింది. ఏడో ముద్ద దిగలేదు. ఒళ్లంతా చెమట, నోటి నిండా నురుగు. లేచి గోడ వెనక్కి ఉరికాను.

కక్కి, మూతి కడుక్కుని తిరిగొచ్చి చూద్దును కదా, బంతి మొత్తం లేచి నిలబడి ఉంది! మేనమామ లేచాడుగా మరి. ఎముక చప్పరిస్తున్నవాడు ఎముకతో, పెరుగు కలుపుకుంటున్నవాడు పెరుగు చేత్తో. ఇంతలో ఎవరో "కూరల బల్లి వడ్డదట" అన్నారు. నేను పుక్కిలించినంతసేపట్లో బల్లి తోకతో సహా తయారైంది. "నాక్కూడా తిప్పుతోంది" అని కోదాడ ఆయనొకాయన కడుపు పట్టుకున్నాడు. ఇంకొకరు అంబులెన్స్‌కు ఫోన్ కలుపుతున్నారు. వెంకన్న బావ నిండు కూర గంజును మోరీలో పారబోయడానికి ఎత్తాడు. సైదమ్మ గుండు పిల్లవాణ్ని ఎత్తుకుని కూలబడింది.

"కొడుకు పుట్టెంట్రుకలకు బల్లికూర పెట్టిందని బతికినన్ని దినాలు అంటరు నన్ను" అని ఏడ్చింది.

ఆ ఏడుపు చూశాక నా పరువు ఎక్కడికి పోయిందో నాకు గుర్తులేదు.

"ఆగుండ్రి! పారబొయ్యకుండ్రి! కూరల బల్లి లేదు, ఏం లేదు. నాకు కడుపే లేదు! ఆపరేషన్ చేసి తీసేసిండ్రు!"

అంబులెన్స్‌కు ఫోన్ చేసేవాడు కూడా ఫోన్ దించాడు.

"కడుపు లేకుంట ఎట్ల బతికినవ్ రా?" అన్నాడు పెద్దయ్య.

"జరంత ఉంచిండ్రు పెద్దయ్యా."

"మరి ఆకలి గూడ తీసేసిండ్రా?"

"అదొక్కటి మర్చిపోయిండ్రు."

బావ గంజు కింద పెట్టాడు. "నీ మాట నమ్మి రెండు నెలల సంది కోడి కూయకముందు లేచి నడుస్తున్న గదయ్యా నేను! జొన్నరొట్టె తిని తిని దవడలు పోయినయ్!" అన్నాడు. అరవై మంది విరగబడి నవ్వారు. పెద్దయ్య అందరినీ తిరిగి కూర్చోబెట్టి, "వీడు కూసున్నా లేచినా ఇగ మనకు సంబంధం లేదు. తినుండ్రి" అని తీర్పు చెప్పాడు. తాతల నాటి కట్టుబాటు అలా నా వల్ల ఖతం అయింది.

నవ్వనిది సైదమ్మ ఒక్కతే.

"దవాఖానల నీ పక్కపొంటి ఎవలున్నరు?"

"సరిత."

"ఇంకెవలు?"

"ఎవ్వలు లేరు."

గరిటెతో భుజం మీద ఒక్కటేసింది. "ఆ బల్ల మీదనే పోతే నాకు ఏమని చెప్పెటోళ్లు? నడిచి నడిచి పోయిండని చెప్పెటోళ్లా?"

  సిగ్గుతో తల దించుకున్నాను.

ఆకలి మాత్రం నన్ను వదల్లేదు. చిన్న గిన్నె, ముప్పై సార్లు నమలడం, పదిహేను నిమిషాల ఆగడం, అన్నీ నడుస్తూనే ఉన్నాయి. కోపం తగ్గలేదు కానీ, ఆకలైతే ఆకలైందని నోరారా చెప్పుకుంటున్నాను. రోజూ మధ్యాహ్నం కోదాడ నుంచి ఫోన్ వస్తుంది.

"తిన్నవా అన్నా?"

"తిన్ననే. ఇంక ఆకలైతనే ఉన్నది."

"ఎన్ని ముద్దలు?"

"మూడు."

"నా కోసమని ఇంకొక్క ముద్ద గూడ తినకు."

కాబట్టి ఉన్న కాస్త కడుపు మీద చెయ్యి వేసుకుని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను: నడిచి తగ్గానని ఇక జన్మలో ఎవరికీ చెప్పను. చెల్లెలికి తెలియకుండా గోరు కూడా కత్తిరించుకోను.