తడి పాదం ఫోటో

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఇది అడగొద్దు. నా కాలికి జరిగింది కాబట్టి చెబుతున్నాను.

డెబ్బైల చివర. ఆదోనిలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, కబడ్డీ పోటీలు తీసేవాణ్ణి. హొళగుంద దగ్గర గొర్రెలు మేపే ఈరన్న ఒకరోజు వచ్చి కూర్చున్నాడు.

"మందలో గొర్రెపిల్లలు పోతాండాయన్నా. మా కరియే తింటాందని ఊరి పెద్దలు అంటాండారు. సంతనాటికి దాన్ని సంపాలంట. తోడేలు ఫోటో ఒకటి తీసియ్యి, సూపిస్తా."

కరియ అతని నల్ల కుక్క. సరే అన్నాను.

రాత్రి మంద పక్క పొలంలో పడుకున్నాను. ఎదురుగా, ఎరగా చచ్చిన గొర్రెపిల్ల... రెండు రోజులది. అందులో పురుగులు మెదిలే చప్పుడు వినిపించేది. అబద్ధం కాదు... సన్నగా, తడిగా. మనిషి వాసన తెలియకూడదని ఈరన్న తన కంబళిని గొర్రెల ఉచ్చలో తడిపి నా మీద కప్పాడు. ముక్కు మూసుకుంటే ఆ కంపు నోట్లోకి వచ్చేది. ఛీ.

ఈరన్న మందకు అవతల, కరియ తాడు చేతికి కట్టుకొని పడుకున్నాడు.

బాగా పొద్దుపోయింది. గొర్రెలన్నీ ఒక్కసారిగా నెమరు ఆపేశాయి...

అప్పుడు... కాలికి తగిలింది.

కంబళి బయట ఉన్న కుడి పాదం. మడమ నుంచి వేళ్ల దాకా... మెల్లగా... నాలుక. చల్లగా ఉంది. జిగటగా ఉంది. వేళ్ల సందుల్లోకి కూడా పోయింది... తీరిగ్గా. కుక్కయితే రొప్పాలి కదా. ఊపిరే లేదు. నాకుడు చప్పుడు... అంతే.

"ఈరన్నా... కుక్కను పిలువు" అన్నాను.

అవతల నుంచి జవాబు వచ్చింది. "కరియ నా కాడనే ఉండాదన్నా. తాడు నా సేతికే ఉండాది."

నాకుడు ఆగలేదు.

కెమెరా కాలివైపు తిప్పి నొక్కాను. ఫ్లాష్ వెలిగింది. నాకు కళ్లు బైర్లు కమ్మాయి. ఈరన్న టార్చితో పరుగెత్తుకొచ్చాడు. నా కాలి వాసన చూసి కరియ తోక ముడిచి వెనక్కి లాగింది. ఎర అలాగే ఉంది... దాంట్లో పురుగులు మాత్రం ఒక్కటీ లేవు. వాటిని నాకిన నాలుకే... ఇక వాంతి ఆగలేదు.

ఫోటోలో నా పాదం ఉంది, బంక కారుతూ. ఇంకేమీ లేదు.

"కుక్క గాక ఇంకేమి నాకుతాది?" అన్నాడు ఫోటో చూసిన ఊరి పెద్దల్లో ఒకడు, వక్కాకు నములుతూ. ఫోటో మీద ఉమ్మి తుంపర పడింది. తాడు సంగతి ఎంత చెప్పినా వినలేదు. కరియను కొట్టి చంపారు. ఆ నాలుకంటే ఎంత అసహ్యమో, నాకు ఆ నోళ్లన్నా అంతే అసహ్యం.

తర్వాతి వారం మళ్లీ ఒక గొర్రెపిల్ల పోయింది.

ఈరన్న ఎప్పుడు కనిపించినా ముందు నా కుడికాలి వైపు చూస్తాడు. "మా కరియ గాకుంటే... ఏందన్నా అది?" అంటాడు.

రాయితో రుద్ది రుద్ది కడిగిన ఆ కాలిని వెనక్కి లాక్కుంటాను.