పొగరు దిగిన బ్యాటరీలు

మా ధోండీబా ఆజా టార్చిలైటు తోమినట్టు దేవుడు చంద్రుణ్ణి తోమి ఉంటే, ఆ నల్లమచ్చ ఎప్పుడో పోయేది. ఆజా అంటే మా తాత. ఇచల్‌కరంజిలో ఒక టాకీసు తలుపు దగ్గర నిలబడి, చీకట్లో వచ్చినవాళ్లకు కుర్చీలు చూపించడం ఆయన ఉద్యోగం. జిల్లా మొత్తం మీద అంతగా మెరిసే టార్చి ఇంకోటి లేదు. అంత గుడ్డిగా వెలిగేదీ ఇంకోటి లేదు.

సోమవారం పొద్దున్నే చాప పరిచి, టార్చిని కీలుకు కీలు విప్పి వరసగా పడుకోబెట్టేవాడు. లోపలి స్ప్రింగును గరుకు కాగితంతో గీకేవాడు. మరచుట్ల మీద ఒకే ఒక్క చుక్క కొబ్బరినూనె, అదీ కోడి ఈకతో. బ్యాటరీ చెమర్చి తెల్లటి ఉప్పు పేరిన చోట నిమ్మచెక్కతో రుద్దేవాడు. బల్బు వెనకాల మెరిసే గిన్నెను మాత్రం వేలితో ముట్టుకోడు. దాని మీద నోటి ఆవిరి ఊది, నలిగి నలిగి మెత్తబడ్డ ధోవతి ముక్కతో, నిద్రపోయే బిడ్డ చెంప తుడిచినట్టు తుడిచేవాడు. ఒకసారి అందులో చూసుకుని నేను బొట్టు దిద్దుకున్నానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత బ్యాటరీల వంతు. మూడింటినీ రేకుల కప్పు మీద, ఎండుమిరపకాయల పక్కన పరిచి, గంటకోసారి నిచ్చెనెక్కి బోర్లించి వచ్చేవాడు.

“నా మోకాళ్లకు ఎండ తగలాలని డాక్టరు చెప్పి ఏడాదయింది. నన్ను మాత్రం ఎవరూ బోర్లించరు,” అనేది ఆజీ, మా నాయనమ్మ.

పని లేనప్పుడు బ్యాటరీలు టార్చిలో ఉండకూడదు. విడివిడిగా గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసిన బిస్కట్ల డబ్బాలో పెట్టి, జొన్నకుండ వెనక దాచేవాడు. ఎప్పుడు వచ్చిందీ పెన్సిలుతో వాటి మీద రాసేవాడు. నా పుట్టినరోజు అడిగితే మాత్రం “వానాకాలం” అని ఊరుకునేవాడు.

అసలు విచిత్రం ఇంకోటి ఉంది. టాకీసువాళ్లు నెలనెలా ఇచ్చే కొత్త బ్యాటరీలు ఆయన టార్చిలో నేరుగా వేసేవాడు కాదు. ముందు మా రేడియోలో పెట్టి, పది రోజులు భజనలూ బజారు ధరలూ వినిపించి, వాటి పొగరు దిగాక టార్చిలోకి తెచ్చేవాడు. మరీ నీరసించిపోతే ఎండ తినిపించేవాడు. పూర్తిగా చావకూడదు, పూర్తిగా బతకనూ కూడదు.

మధ్యాహ్నం ఆటకు నేను ఆయనకు భాకరీ రొట్టెల మూట తీసుకెళ్లేదాన్ని. బయట ఊరంతా మరమగ్గాల మోత. హాలు తలుపు మూసుకుంటే ఆ మోత నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు ఉండేది. ఆ చీకట్లో ఆజా వెలుగు, పాలలో కుంకుమపువ్వు రేకు కరిగినంత పసుపుగా, నేల మీదే మెల్లగా ఈదుతూ పోయేది. అది దీపం కాదు, దీపానికి వచ్చిన కల. దాని వెనక నడిస్తే నాకు కాళ్లున్న సంగతే గుర్తుండేది కాదు.

ఆ కల కొత్త మేనేజరు జోగళేకర్ సాహెబుకు నచ్చలేదు. ఆ వెలుగును నమ్ముకుని వెళ్లిన ఒక పూజారి, పోలీసు జమాదారు ఒళ్లో కూర్చున్నాడని ఫిర్యాదు వచ్చింది. సాహెబు ఆజాను పిలిచి తేల్చి చెప్పేశాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆటలో తాను తెర కింద నిలబడతాడట. తలుపు దగ్గర నుంచి టార్చి వేస్తే వెలుగు తన ముఖం మీద పడాలట. పడకపోతే శనివారం నుంచి ఆ తలుపు దగ్గర వేరే మనిషి.

ఆ ఉద్యోగం పోయినా మా నాన్న మగ్గం నడుపుతున్నాడు కాబట్టి ఇల్లు గడుస్తుంది. ఆజాకే పొద్దు గడవదు. ఇంట్లో కూర్చుంటే తన గిన్నెలన్నీ విప్పి తోముతాడని ఆజీ భయం. అయినా శుక్రవారం పొద్దున ఆయన అవే ముసలి బ్యాటరీలను ముద్దుగా తుడిచి టార్చిలో వేసుకున్నాడు. ఆయన స్నానానికి వెళ్లగానే ఆజీ నా వైపు చూసింది. నేను జొన్నకుండ వైపు చూశాను. నిన్నగాక మొన్న వచ్చిన మూడు కొత్త బ్యాటరీలు, భజన అంటే ఏమిటో తెలియనివి, టార్చిలోకి ఎక్కాయి.

ఆట మొదలై అరగంటయింది. సాహెబు తెర కింద నిలబడి చెయ్యి ఊపాడు. ఆజా మీట నొక్కాడు.

ఇన్నేళ్లూ తోమించుకున్న గిన్నె ఆ రోజు తన పనితనం చూపించింది. హాలులో తెల్లగా తెల్లవారిపోయింది. సాహెబు కళ్లజోడు రెండు సూర్యుళ్లయింది. ఆ వెలుగులో కనబడింది ఏమిటంటే, వరస వెనక వరస, నోళ్లు తెరుచుకుని, తువ్వాళ్లు కప్పుకుని, గుర్రుమంటూ నిద్రపోతున్న అరవై మంది రాత్రిపాళీ మగ్గంవాళ్లు. వాళ్ల గదుల్లో మనిషికో చాప కూడా లేదు, పగలు పక్కనే మగ్గాలు ఆడతాయి. ఊళ్లో పంకా తిరిగే చీకటి ఇదొక్కటే.

అందరూ ఉలిక్కిపడి లేచారు. ఒకడు నిద్రలోనే ముందు కుర్చీవాడి జుట్టును తెగిన దారమనుకుని ముడి వేయబోయాడు. ఆజా టార్చి ఆర్పేసి, చీకట్లో తడుముకుంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. జారిన తువ్వాలు కప్పుతూ, భుజం మీద చెయ్యి వేసి నొక్కుతూ తిరిగాడు.

“పడుకోరా, ఇంకా చాలా టైముంది. పాళీ వేళకు నేనే లేపుతాగా.”

రోజూ అలాగే లేపేవాడట, కాలి బొటనవేలి మీద ఆ పసుపు వెలుగు చుక్క పెట్టి.

ఆ సినిమా ఏడో వారం ఆడుతోందని ఊరంతా గొప్పలు చెప్పుకుంటూ తిరిగే సాహెబు, కుర్చీల మధ్య తడుముకుంటూ నడిచాడు. ఆజా దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగాడు: “వీళ్లు సినిమా చూడరా, ధోండీబా?”

“మొదటి వారం చూశారు సాహెబూ. అందుకే ఇంత హాయిగా నిద్ర పడుతోంది.”

సాహెబు లెక్క వేసుకున్నట్టున్నాడు, నిద్రపోయేవాళ్లు లేచి వెళ్లిపోతే ఎనిమిదో వారం ఎవరితో ఆడించాలా అని. చెప్పులు విప్పి చేత పట్టుకుని, మునివేళ్ల మీద బయటికి నడిచాడు. తలుపు దగ్గర ఆగి, పాత బ్యాటరీలే వేసుకొమ్మని ఆజాకు సైగ చేశాడు.

ఇంటికి వస్తుంటే నేను ఆజా చెయ్యి పట్టుకున్నాను. “ఉద్యోగం పోయినా ఫర్వాలేదనుకుని, అంతమంది నిద్రను కాపాడిన దేవుడివి నువ్వు ఆజా,” అన్నాను.

“దేవుడూ లేదు, దెయ్యమూ లేదు,” అన్నాడు ఆజా. “వాళ్లు లేస్తే గురక ఆగుతుంది. గురక ఆగితే ఆ పాడు సినిమా నాకు వినబడుతుంది.”