చాపలక్క తీసిన కొలత

చాపలక్క పోయింది. మొన్న కావలి బస్టాండులో, నేను పదేళ్ళ కిందట పనిచేసిన ఊరి మనిషి ఒకామె గంప దించుకుంటూ చెప్పింది. "నీకు తెలీదా టీచరమ్మా? మంగళారం తెల్లారి పోయినాది. జెరం రెండు నాళ్ళే." నా చెయ్యి నాకు తెలియకుండానే జాకెట్టు భుజం మీది కుట్టు దగ్గరికి పోయింది. ఆ కుట్టు ఆమెదే, పక్కలు విప్పి వదులు చేసుకుని ఇంకా తొడుక్కుంటున్నాను.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. మా నెల్లూరు వైపు చేపను కూడా చాప అనే అంటాం. కానీ ఆమె ఏనాడూ చేపలమ్మలేదు. ఆమె భర్త పడవలకు తెరచాపలు కుట్టేవాడు. అతను పోయాక ఆమే కుట్టింది. ఈ మాత్రం తేడా తెలియని పెద్దమనుషులు కావలిలో కొందరున్నారు, వాళ్ళ దగ్గరికి వస్తాను.

ఇరవై మూడేళ్ళ వయసులో ఆ సముద్రపొడ్డు ఊరి బడికి టీచరుగా వెళ్ళాను. నాది నిండైన ఛాతీ. ఈ మాట రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. అప్పుడు ఉన్నదంతా సిగ్గే. నా ఒంటికి నప్పే జాకెట్టు లోకంలోనే లేదని నన్ను నమ్మించినవాళ్ళలో మొదటివాడు కావలి దర్జీ. ఆడమనిషిని టేపుతో కొలవడం ఆయన మర్యాదకు తక్కువ. తల ఎత్తకుండా "ఆది జాకెట్టు ఇయ్యండి" అనేవాడు. ఆది అంటే కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు. నా మొదటి ఆది మా అక్కది. మా అక్క వెదురుబద్ద. దానికి రెండంగుళాలు వదిలి నాకు కుట్టాడు. ఆ తప్పుల జాకెట్టే తర్వాతి దానికి ఆది, అది ఆ తర్వాతి దానికి. ఒకే తప్పును అయిదేళ్ళు శ్రద్ధగా నకలు తీసిన పనిమంతుడు. భుజాలు జారేవి, నడుము దగ్గర గోనెసంచి, ఛాతీ దగ్గర మాత్రం హుక్కుల మధ్య పిన్నీసులు.

ఇక మా ఇంటి ఆడవాళ్ళ తెలివి. "పమిట రెండు పొరలు కప్పుకో." "ముదురు రంగులే కట్టు." "కాస్త వంగి నడువు, కనపడదు." నేను గూనిదానిలా నడవడం మాత్రం ఎవరికీ కనపడదని వాళ్ళ ధీమా. నేనూ తక్కువదాన్ని కాదు, చెప్పినట్టల్లా వంగాను.

ఆ జాకెట్లతో చెయ్యి భుజం దాటి లేచేది కాదు. లేస్తే చంకలో పిగిలేది. అందుకని నల్లబల్ల మీద కింది సగంలోనే రాసేదాన్ని, వెనక వరుసల పిల్లలకు ఒక్క అక్షరం కనపడేది కాదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు "పై సగం ఎవరి కోసం దాచారమ్మా?" అని నవ్వాడు. వచ్చే తనిఖీకి కూడా ఇలాగే ఉంటే ఉద్యోగం ఖాయం చేయనని చెప్పి పోయాడు. మా అమ్మా నేనూ ఆ జీతం మీదే బతుకుతున్నాం.

బడి పక్కనే చాపలక్క పాక. ఆ సాయంత్రం ఆమె ఇసకలో తెరచాప పరుచుకుని కుడుతోంది. తాను రవిక తొడగని తరం మనిషి.

"ఎందుకుమే ఏడస్తుండావు?" అంది. చెప్పాను.

"లెయ్. చెయ్యెత్తు."

సగం ఎత్తేసరికి చంకలో చర్రుమంది.

"ఇది కుట్టినోడు మనిషిని చూసినాడా, గుంజని చూసినాడా?"

"ఆది చూసి కుట్టాడక్కా."

"ఆ ఆదిని తీసకపోయి పొయ్యిలో పెట్టు."

వల అల్లే దారం ఒకటి తెచ్చి నా ఒంటి చుట్టూ పట్టింది. ఒక్కో కొలతకు ఒక్కో ముడి వేసింది. వేస్తూ ఇసకలో పరిచి ఉన్న తెరచాప చూపించింది. "గాలి యాడ నిండతాదో ఆడ గుడ్డ వదలాల, అంచుల్లో బిగించాల. వాడేం చేసినాడు? నిండే కాడ బిగించి తక్కిందంతా వదిలేసినాడు. గాలి లేని చాప మాదిరి యాలాడతా ఉండాది."

గుడ్డను ఏటవాలుగా కోసింది. ఛాతీ కింద మడతలు పట్టి, వాటి కింద పట్టీ బిగించింది. చంకను దించకుండా పైకి కోసింది, అది దిగితే చెయ్యి లేవదట. చేత్తోనే కుట్టి మూడో రోజు తొడిగించింది. "చెయ్యెత్తు" అంది. ఎత్తాను. నా చుట్టూ తిరిగి తీరిగ్గా చూసి, "దించు" అంది. నా పమిట రెండో పొర తనే లాగేసింది. "దాచబాక. దాచేకొద్దీ ఆడే చూస్తారు."

ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చిన రోజు నల్లబల్ల పై అంచు నుంచి మొదలుపెట్టాను. "ఇప్పుడు బాగుంది" అన్నాడు, ఏం మారిందో తెలియకుండానే. ఉద్యోగం నిలిచింది. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నా జాకెట్లన్నీ అక్కే కుట్టింది, ప్రతిసారీ చెయ్యెత్తించి, చుట్టూ తిరిగి చూసి, "దించు" అనేది.

కావలి దర్జీ కూడా ఆ జాకెట్టు చూశాడు. మొదటిసారి తల ఎత్తాడు. "ఈ కటింగ్ ఎవరిదమ్మా? ఆదిగా ఇచ్చి పొండి." చాపలక్కదన్నాను. "చాపలమ్మేదానికి జాకెట్ల పనేంది?" అని, అక్కడ లేని వాసనకు ముక్కు మూసుకున్నాడు. ఆ ముక్కుకు దణ్ణం పెట్టి వచ్చేశాను. తర్వాత కావలి గొప్పింటి ఆడవాళ్ళు గుట్టుగా బస్సెక్కి ఆమె పాకకు వచ్చేవాళ్ళు. పెళ్ళిళ్ళలో మాత్రం "మద్రాసులో కుట్టించాం" అనేవాళ్ళు. నేను మండిపడితే అక్క సూది దించకుండానే అనేది, "చెప్పుకోనీలే. చేతులు లేస్తుండాయా లేదా?" అంత పెద్ద మనసు నాకు లేదు. వాళ్ళలో ఒక్కరూ ఆమె పోయిందని విని ఆ పాక తొక్కలేదు.

నిన్న నేను వెళ్ళాను. పాకలో గుంజకు కొలత దారాలు వేలాడుతున్నాయి, మనిషికొకటి. ఆమె కోడలు నాది వెతికి ఇచ్చింది. గుర్తుకు కొసన ఎర్ర పోగు కట్టి ఉంది. ఒంటి చుట్టూ పట్టి చూసుకున్నాను. పదేళ్ళలో ఒళ్ళు మారింది, ఛాతీ దగ్గరి ముడి నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. దాన్ని విప్పి మళ్ళీ వేసే చెయ్యి లేదు.

అలవాటు చొప్పున ఆ గుంజ పక్కన నిలబడి చెయ్యెత్తాను. కోడలు అయోమయంగా చూస్తోంది. "దించు" అనే మాట కోసం అలాగే నిలబడ్డాను.